రికార్డులో దొరికిన గుర్రం

సులేమానీ టీ ముట్టడం నేను మానేసి ఏళ్ళయింది. పాలు లేని ఆ నల్లటి టీని గల్ఫ్‌లో అందరూ తాగుతారు. నేనూ ఆరేళ్ళు రోజుకు ఐదారు కప్పులు తాగాను. ఇప్పుడు ఎవరింట్లోనైనా చేతికిస్తే పక్కన పెట్టేసి, అసిడిటీ అని చెబుతాను. అసలు కారణం మా ఆవిడకు కూడా సరిగా చెప్పలేదు.

రెండువేల ఏడులో నేను అబుదాబీ బయట మఫ్రఖ్‌లో ఒక పైపుల యార్డులో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. పేరు గొప్ప, పని చిన్న. పైపులు కోసి, వెల్డింగ్ చేసి, ప్లాంటులకు పంపే యార్డు అది. ఏ కాగితం ఎప్పుడొచ్చింది, ఎవరు సంతకం పెట్టారు, దాన్ని రద్దు చేసిన కొత్త కాగితం ఏది, ఇవన్నీ చూడటం నా పని. పాత కాగితాల మీద ఎర్రగా రద్దు ముద్ర కొట్టడంలో నాకొక ఆనందం ఉండేది. కాగితం మొహం చూసి అది అసలుదో నకిలీదో చెప్పేస్తానని మహా పొగరు కూడా ఉండేది.

ఆఫీసులో నాకు పెద్దదిక్కు మా ప్లానింగ్ ఇంజనీరు. గుంటూరు వైపు మనిషి, యాభై దాటాయి. నేనాయన్ని గురువుగారు అనేవాణ్ణి. వాదన లేకపోతే ఆయనకు తిన్నది అరగదు. సాంబారులో ములక్కాడ ఉండాలా వద్దా అన్నదాని మీద కూడా గంటసేపు మాట్లాడి ఎదుటివాడి చేత తప్పయిందనిపించేవారు. ఆ ఏడాది వేసవిలో ఆయన నోటికి సరిపడా మేత దొరికింది. పైపులు కొనే కంపెనీ తరఫున పని నాణ్యత చూడటానికి ఒక అమెరికాయన వచ్చాడు.

అమెరికాయనకు అరవై దగ్గర. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో చిన్న నోటుపుస్తకం. టీ తాగడు, కాఫీ తాగడు, మందు లేదు, సిగరెట్టు లేదు. మేమంతా సులేమానీ పోసుకుంటుంటే ఆయన వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకుని మా మధ్యే కూర్చునేవాడు. శుక్రవారం మాత్రం ఎవరు పిలిచినా యార్డుకు రాడు. ఎవరో అడిగితే తాను మార్మన్‌నని, అదొక క్రైస్తవ శాఖని, ఇక్కడ తమవాళ్ళు ఆదివారం ప్రార్థన శుక్రవారమే చేసుకుంటారని చెప్పాడు. అంతకుమించి తన మతం గురించి తనంతట తాను ఎప్పుడూ నోరెత్తలేదు. ఈ దేశంలో ప్రచారం చేయకూడదు, చేయను అనేవాడు.

ఆయన చేయకపోతేనేం, గురువుగారు మొదలుపెట్టారు. రెండు రాత్రులు ఇంటర్నెట్ ముందు కూర్చుని వచ్చి భోజనాల గదిలో మాకందరికీ కథ చెప్పారు. నూట ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక పల్లెటూరి యువకుడికి దేవదూత బంగారు రేకుల పుస్తకం చూపించాడట. అతను దేవుడిచ్చిన శక్తితో దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడట. క్రీస్తుకు ముందే యెరూషలేము నుంచి ఓడెక్కి అమెరికా చేరిన కుటుంబాల చరిత్ర అందులో ఉందట.

"మరి ఆ రేకులేవయ్యా అంటే, దేవదూత మళ్ళీ పట్టుకుపోయాడంట," అన్నారు గురువుగారు. "అసలు పోయింది, కాపీ మిగిలింది. ఏవోయ్ డాక్యుమెంట్ కంట్రోలరూ, నువ్వు తీసుకుంటావా ఇట్లాంటి కాగితం?"

"రిజెక్ట్ చేస్తాను గురువుగారూ," అన్నాను. అందరూ నవ్వారు. అమెరికాయన కూడా కాస్త నవ్వాడు, మా మాటల్లో తన సంగతే ఉందని తెలిసి.

ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. ఇంగ్లీషులో జరిగిన ఆ వాదనలను నా తెలుగులో చెబుతున్నాను. గురువుగారు పట్టుకున్న మొదటి పాయింటు గుర్రం. ఆ గ్రంథంలో గుర్రాలున్నాయి, రథాలున్నాయి. అమెరికాలో గుర్రాలు ఏనాడో అంతరించాయని, ఐరోపావాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా అక్కడ మళ్ళీ లేవని చరిత్రకారులంటారు.

"ఆ కాలంలో అక్కడ లేని గుర్రం పుస్తకంలోకి ఎట్లా దూరింది? రాసినవాడి పెరట్లో ఉంది కాబట్టి దూరింది. దొంగ రాతకు అదే గుర్తు. రాసేవాడు తన రోజుల్లో ఉన్నదాన్ని మర్చిపోయి పాత రోజుల్లో పెట్టేస్తాడు," అన్నారు గురువుగారు.

అమెరికాయన నిమ్మకాయ నీళ్ళు ఊదుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "మా పండితుల్లో కొందరు ఒక జవాబు చెబుతారు. కొత్త దేశం వెళ్ళినవాడు అక్కడి తెలియని జంతువుకు తనకు తెలిసిన పేరే పెడతాడు. గుర్రం అన్నచోట వేరే జంతువు కావచ్చు. టాపిర్ అని ఒకటుంది, చూడ్డానికి పెద్ద పందిలా ఉంటుంది."

గురువుగారికి వారం రోజులు అదే పండగ. పంది రథం, పంది మీద స్వారీ, పందికి కళ్ళెం. గుర్రం అంటే గుర్రం కాదట, రాసినవాడి అర్థం వేరేనట, ఇట్లా అయితే లోకంలో తప్పు పుస్తకమే ఉండదు అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవారు. గుర్రమయ్యాక ఉక్కు, ఉక్కయ్యాక గోధుమలు. ఆ తర్వాత అక్కడి ఆదివాసుల డీఎన్ఏ ఆసియా వైపు చూపిస్తోందన్న గొడవ. అన్నట్టు, పుష్పక విమానం ఏ ఇంధనంతో నడిచేదో లెక్కలతో సహా నాకు వివరించిన మనిషే ఈయన. గురివింద గింజకు తన కింద నలుపు కనబడదు మరి.

నేను తక్కువ తిన్నానా. గురువుగారు ఏది అడిగితే అది నెట్‌లో వెతికి ప్రింట్ తీసేది నేనే. ఆ గ్రంథం ముందుమాటలో ఒక మాట మార్చారన్న వార్త ఆ చలికాలంలోనే వచ్చింది. ఆ ఓడల్లో వచ్చినవాళ్ళు ఆదివాసులకు ముఖ్య పూర్వీకులని ఉన్నదాన్ని, పూర్వీకుల్లో వాళ్ళూ ఉన్నారని సర్దారట. "సత్యానికి రివిజన్ ఏంటయ్యా," అన్నారు గురువుగారు. నేను ఆ వార్త ప్రింట్ తీసి, దాని మీద నా ఎర్ర రద్దు ముద్ర కొట్టి, అమెరికాయన కూర్చునే కుర్చీ వెనక గోడకు అంటించాను. పెళ్ళాం బిడ్డలున్న మగవాణ్ణి, ముప్పై నాలుగేళ్ళవాణ్ణి, చేసిన పని అది.

అమెరికాయన దాన్ని గోడ నుంచి జాగ్రత్తగా తీసి, మడిచి, నా టేబుల్ మీద పెట్టాడు. "ముద్ర కింద తేదీ వేయడం మర్చిపోయావు. తేదీ లేని ముద్ర చెల్లదు కదా," అన్నాడు. కోపం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఇంతలో యార్డులో అసలు కంపు బయటపడింది. వేసిన ప్రతి అతుకుకూ ఒక రికార్డు ఉండాలి. ఏ వెల్డరు వేశాడు, ఏ రోజు వేశాడు, చూసి బాగుందన్నది ఎవరు, అన్నీ ఆనాడే రాసి సంతకం పెట్టాలి. అంతకుముందున్న ఇన్‌స్పెక్టరు వేసవి మొదట్లో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. అంతకుముందు అయిదు నెలలుగా అతను రికార్డే రాయలేదు. పైపుల మీద వెల్డర్లు మార్కరుతో రాసుకున్న నంబర్లు ఇసుక కొట్టి రంగు వేయడంతో చెరిగిపోయాయి. అమెరికాయన ఆ అయిదు నెలల రికార్డు అడిగాడు.

మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, నన్నూ గురువుగారినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "పాత రికార్డు గోడౌన్‌లో ఉంది, వెతుకుతున్నామని చెప్పండి. రెండు శుక్రవారాలు మీకు టైమ్. యల్లా, కానివ్వండి," అన్నాడు. గోడౌన్‌లో ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు. శుక్రవారమే ఎందుకంటే ఆ రోజు అమెరికాయన ప్రార్థనకు వెళతాడు.

రెండు శుక్రవారాలు ఖాళీ ఆఫీసులో కూర్చుని మేమిద్దరం అయిదు నెలల చరిత్ర రాశాం. ప్లానింగ్ చార్టు చూసి గురువుగారు తేదీలు చెప్పారు. వెల్డర్ల నంబర్లు నా ఇష్టం, వరసగా తిప్పుతూ వేసుకుపోయాను. అలసినప్పుడల్లా పెన్ను మార్చాను. వెళ్ళిపోయిన ఇన్‌స్పెక్టరు సంతకం నేర్చుకున్నాను. కొత్త కాగితాలు మరీ తెల్లగా ఉన్నాయని గురువుగారు సులేమానీ టీ చల్లారబెట్టి, దూదితో అద్ది, ఏసీ కింద ఆరబెట్టమన్నారు. ఆరిన కాగితాలను నేల మీద పరిచి బూట్లతో అటూ ఇటూ నడిచాం. మధ్యలో ఆయన పులిహోర డబ్బా తీస్తే, టీ మరకల చేతులు కడుక్కుని ఇద్దరం తిన్నాం. బంగారు రేకుల మీద జోకులు కూడా వేసుకున్నాం. తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఆదివారం రికార్డు అమెరికాయన టేబుల్ మీద పెట్టాను. ఆయన కొన్ని పేజీలు తిప్పాడు, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. టీ ముట్టనివాడికి టీ వాసన ఎంత దూరం నుంచి తెలుస్తుందో మాకు తట్టనే లేదు. "ఫైలులో పైపేజీకి మరక పడుతుంది. లోపలి పేజీలకు కూడా ఇంతే సమానంగా పడటం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. నేను గోడౌన్‌లో తేమ ఎక్కువన్నాను. మఫ్రఖ్ ఎడారిలో తేమ.

ఆ వారంలోనే నీళ్ళ ప్రెషర్ టెస్టు పెట్టారు. ఒక లైనులో మూడు అతుకులు కారాయి. అతుకు కారితే వేసినవాడెవడో చూడటం రూలు. రికార్డు తీశారు. మూడింటి మీదా పదిహేడు నంబరు ఉంది.

పదిహేడు నంబరు జగిత్యాల వైపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి, పదిహేనేళ్ళుగా గల్ఫ్‌లోనే వెల్డరు. నోట్లో నాలుక లేనివాడు కానీ తన పని సంగతొస్తే రాజు. తన అతుకు మీద వేలితో నిమిరి, "సూడున్రి సారూ, గీత లెక్క ఉన్నది" అనేవాడు. అతుకు ఫెయిలై వెనక్కి పంపిన వెల్డరు కాగితం మీద ఆ సంగతి రాస్తారు. ఆ కాగితంతో ఇంకే మంచి కంపెనీ అతన్ని వెల్డింగ్‌కు తీసుకోదు. అతనికి వేరే పని రాదు.

మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "సారూ, ఆ తారీఖులల్ల నేనీడ లేను. మా అయ్య సచ్చిపోతే దినాలకు ఊరికి పోయిన గద. నెలన్నర ఇంటికాడనే ఉన్న. మరి ఆ అతుకులు నేనెట్ల ఏస్త?"

వరసగా నంబర్లు తిప్పుకుంటూ పోయినవాణ్ణి, ఎవడు ఊళ్ళో ఉన్నాడో ఎవడు లేడో చూసుకోలేదు. అతను తిరిగొచ్చి రోజూ నా కిటికీ ముందు నుంచే పనికి పోతున్నాడు కాబట్టి, ఆ నెలలో కూడా ఉన్నాడనే రాసేశాను. నా పెరట్లో ఉన్న గుర్రాన్ని తీసుకెళ్ళి నేనూ పాత రోజుల్లో పెట్టాను.

"పోయి పని చూసుకో, నేను కనుక్కుంటాను," అన్నాను. అతను నన్ను వదిలి నేరుగా అమెరికాయన దగ్గరికి పోయి, వచ్చిన హిందీలో చెప్పుకున్నాడు. ఎవరో ఇంగ్లీషు చేసి పెట్టారు.

అమెరికాయన రికార్డు పట్టుకుని మా గదికి వచ్చాడు. గురువుగారు, నేను, ముదీర్ ఉన్నాం. "ఈయన ఇండియాలో ఉన్నప్పుడు ఇక్కడ అతుకు వేశాడని రాసి ఉంది. పాస్‌పోర్టు చూపించండి," అన్నాడు. వెల్డర్ల పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. వీసా పని మీద బయటికి పంపామని ముదీర్ చెప్పాడు. ఆ బీరువా తాళం అప్పుడు నా జేబులో ఉంది.

గురువుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు. "ఇక్కడ తేదీ అంటే అతుకు వేసిన తేదీ కాదు. ఇన్‌స్పెక్టరు చూసిన తేదీ. మనిషి ఊరికి పోయేముందు వేసి ఉంటాడు, ఇన్‌స్పెక్టరు తరవాత చూసి ఉంటాడు. అప్పటి ఇన్‌స్పెక్టరు ఆ అర్థంలో వాడాడు."

అమెరికాయన గురువుగారినే చూశాడు. "ఇలాంటి జవాబు నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు నేనే చెప్పాను," అన్నాడు. "నా గుర్రం విషయంలో నాకే సందేహాలున్నాయి. నిద్ర పట్టని రోజులూ ఉన్నాయి. కానీ దానివల్ల ఎవరి పనీ పోలేదు."

గురువుగారి మొహం ఎర్రబడింది. మతాన్నీ పనినీ కలపొద్దన్నారు. నెలల తరబడి భోజనాల గదిలో ఇంకేం చేశారో నాకైతే అర్థం కాలేదు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ సాయంత్రం ముదీర్ నన్ను పిలిచాడు. రికార్డు ఫారంలో ఆ గడి పైన వెల్డింగ్ తేదీ అని ఉంది. అది చూసిన తేదీ అని మార్చి, రివిజన్ వన్ అని వేసి, అన్ని పేజీలూ మళ్ళీ చేయమన్నాడు. ఒక్క మాట మార్పు. "ఇది అయితే ఖలాస్," అన్నాడు. సత్యానికి రివిజన్ ఏంటయ్యా అన్న మనిషి పక్క కుర్చీలో కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నారు. అప్పటికి మా ఆవిడా పాపా ఫ్యామిలీ వీసా మీద వచ్చి నాలుగు నెలలైంది. పాపను కేజీలో వేశాం. ఇది సాకు. సాకులా కనబడాలనే రాస్తున్నాను.

మార్చాను. మళ్ళీ టీ కాచాను కూడా.

మర్నాడు అమెరికాయన నా దగ్గరికి ఒంటరిగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా గ్రంథం మొదట్లో కొందరి సాక్ష్యం ఉంటుంది. ఆ రేకులను కళ్ళతో చూశామని కింద పేర్లు రాశారు. వాళ్ళు నిజంగా చూశారా అని మీరు ఎన్నో రోజులు వాదించారు. చూశారో లేదో, పేరైతే రాశారు." ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. "నువ్వు చూశావు. ఈ రికార్డు ఎప్పుడు రాశారో ఒక్క లైను రాసివ్వు. ఆ మనిషికి అంతే చాలు. నీ ఉద్యోగం కోసం నేను చేయగలిగింది చేస్తాను, కానీ మాట ఇవ్వలేను."

నాకు తెలియదన్నాను. గోడౌన్‌లో దొరికిందన్నాను. ఆయన ఆ కాగితాన్ని అలాగే వదిలేసి లేచాడు. సాక్షి లేడు, పాస్‌పోర్టు లేదు, గడి పైన మాట మారింది. అయినా ఆయన తన అభ్యంతరం రాసి పంపాడు. నెల తిరక్కముందే ఆయన్ని వేరే సైటుకు మార్చారు. వెళ్ళేటప్పుడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇవ్వకపోయినా బాగుండేది.

పదిహేడు నంబరును ఆ తర్వాతి గురువారం పంపించారు. క్యాంపు ముందు పికప్ ఆగి ఉంది. బీరువా తాళం నా దగ్గరే కాబట్టి పాస్‌పోర్టు చేతికిచ్చే పనీ నాదే. సంతకం పెట్టించుకుని ఇచ్చాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పేజీలు తిప్పి, ఒకచోట ఆగాడు.

"సారూ, నాకు అంగ్రేజీ రాదు. జర సదివి చెప్పున్రి. నేను ఊరికి పోయిన తారీకు, వచ్చిన తారీకు ఇండ్ల ఉంటయి గద. ఇంకో కంపెనీల అడిగితే ఇది సూపెడ్త. నా చెయ్యి తప్పు పోలేదని ఎరుకైతది."

పాస్‌పోర్టు తీసుకున్నాను. అబుదాబీ ఎయిర్‌పోర్టు ముద్రలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వెళ్ళినది, ఒకటి వచ్చినది. నేను రాసిన మూడు తేదీలూ సరిగ్గా ఆ రెండింటి మధ్య ఉన్నాయి. ఆ పేజీ ఎక్కడ చూపించినా మా రికార్డు బతకదు. రికార్డు పోతే దాన్ని రాసిన చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ముద్ర సరిగా పడలేదు," అన్నాను. "తేదీ కనబడటం లేదు."

అతను పాస్‌పోర్టు తీసుకుని ఆ పేజీని ఎండకు ఎత్తి చూశాడు. తర్వాత మూసి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"అట్లనా సారూ. మీరు కాగితాలు సూసేటోళ్ళు, మీకు కనవడకుంటె ఇంకెవలకు కనవడ్తయి," అని పికప్ ఎక్కాడు.